కాలు తడవకుండా కార్వార్

మా అమ్మకు మా ఆయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ నేను కడుపుతో ఉన్నప్పుడు పుట్టినవే. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు గడ్డం గీసుకోకూడదంటారు. ఈయన రోజూ నున్నగా గీసుకొని హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరు ఎక్కేవాడు. కొబ్బరికాయ కొట్టకూడదంటారు. వినాయక చవితికి స్కూల్లో పిల్లలందరి ముందర తనే కొట్టి, ఆ చిప్పలు ఇంటికి తెచ్చి పచ్చడి చెయ్యమన్నాడు. ధర్మవరంలో సైన్సు మాస్టరు ఆయన. దోషమనే మాట వింటే చాలు, నవ్వు మొదలయ్యేది.

చివరికి అమ్మ పెనుకొండ నుంచి వచ్చి ఒక్క మాట తీసుకుంది. "గడ్డం పోతే పోనీలే నాయనా, సముద్రంలో మాత్రం కాలు పెట్టొద్దండి. ఇదొక్కటి నా కోసం."

"ఈడ చెరువులోనే కాలు తడవదత్తా, సముద్రం యాడుండాది?" అంటూ ఆమె చేతిలో చెయ్యేశాడు. మా సీమ అల్లుడికి ఇంతకన్నా సులువైన ఒట్టు ఉండదు.

అమ్మది చాదస్తమే, కాదనను. కానీ అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. రెండోసారి ఐదో నెలలో పోయింది. వేడి పాలు తాగి మూతి కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకొని తాగుతుందంటారు. నేను మంచినీళ్లు కూడా ఊదుకొని తాగే స్థితిలో ఉన్నాను. మెట్లు దిగాలంటే భయం, గట్టిగా తుమ్మాలంటే భయం. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే అంతకన్నా భయం. ఆయన మాత్రం ఏ భయమూ లేకుండా తిని, పేపరు చదువుకొని, గురక పెట్టేవాడు. ఆ గురక వింటుంటే నాకు ఒళ్లు మండేది.

ఆరో నెల వచ్చాక డాక్టరమ్మే అంది, ఇలా మంచం పట్టుకొని ఉంటే లేని జబ్బులు వస్తాయి, రైల్లో నిదానంగా ఎటైనా పోయి రండి అని. ఆయన అక్క కాపురం కర్ణాటకలో సముద్రం ఒడ్డున ఉన్న కార్వార్లో. వదిన ఎప్పుడు ఫోన్ చేసినా మా సముద్రంలో డాల్ఫిన్లున్నాయి, ఒక్కసారైనా వచ్చి చూడండి అనేది. ఆ దసరా సెలవుల్లో ఇక తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. ప్రయాణానికి ముందు వారమంతా ఆయన నాకు పాఠం చెప్పాడు. డాల్ఫిన్ చేప కాదట, బిడ్డకు పాలిస్తుందట, పుట్టిన బిడ్డను ఊపిరి తీసుకోవడానికి తల్లే పైకి తోస్తుందట. ఆ చివరి ముక్క ఒక్కటే నా తలకెక్కింది. తోసే లోపల ఏమన్నా అయితే ఎట్లా అని అడిగాను. ఆయన పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

అమ్మ ఫోన్లో, కొరివితో తల గోక్కుంటున్నారు మీ ఇద్దరూ అంది.

సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు అందరూ సంతోషపడతారట. నాకు కోపం వచ్చింది. ఇన్ని నీళ్లు ఇక్కడ ఊరికే పడి ఉంటే, మా వీధి కొళాయి దగ్గర బిందెల కోసం అంతంత పోట్లాటలా అని. కోపం పోయాక భయం వేసింది. వదిన వాళ్ల ల్యాండ్‌లైన్‌కు అమ్మ రోజూ సాయంత్రం చేసేది. అడిగేది ఒకటే, అల్లుడు సముద్రం దిగలేదు కదా అని. ఆయన నాకు ఎదురుగా నిలబడి, ఫోన్ తనకివ్వద్దని చేతులతో సైగ చేసి నవ్వేవాడు.

డాల్ఫిన్ల బోట్లు నది సముద్రంలో కలిసేచోట, రేవు నుంచి బయల్దేరతాయి. నా కడుపు చూసి బోటతను నన్ను ఎక్కించుకోనన్నాడు. బతికాం, అందరం ఇంటికి పోతామనుకున్నాను. కానీ వదిన మొగుడు అప్పటికే టికెట్లు తీసుకున్నాడు. మా ఆయన నా మొహం చూసి, బోటెక్కడం వేరు, సముద్రం దిగడం వేరు, మీ అమ్మ ఒట్టులో బోటు లేదు అని వాదించాడు. నలుగురిలో రచ్చ చెయ్యడం ఇష్టం లేక ఊరుకున్నాను. వాళ్లిద్దరూ రేవు మెట్ల మీద నుంచే బోటులోకి అడుగేసి పోయారు. నేనూ వదినా ఇసుకలో కూర్చున్నాం.

బోటు చిన్నదైపోయి, ఎదురుగా ఉన్న దీవి వెనక్కి పోయింది. కాసేపటికి ఒడ్డున ఎవరో అదిగో అదిగో అన్నారు. వదిన కూడా లేచి, నల్లటి వీపులు నీళ్లలోంచి లేచి మునిగాయని చెప్పింది. నాకేమీ కనపడలేదు. నేను చూస్తున్నది బోటు కోసం. తరువాత బయల్దేరినవి కూడా తిరిగొచ్చాయి, మాది రాలేదు. గాలి పెరిగింది. అప్పుడు తట్టింది నాకు, పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదని. చెయ్యి పెట్టి చూశాను. పక్కకు ఒరిగి చూశాను. మా అమ్మ చాదస్తాన్ని నమ్మనిదాన్ని, దేవుడా, ఆయన కాలు తడవకుండా చూడు అని మొక్కుకున్నాను.

చివరికి ఇంకో బోటు తాడు కట్టి లాక్కొస్తుంటే వచ్చింది. దారిలో ఇంజన్ ఆగిపోయిందట. అప్పటికి పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయాయి కాబట్టి రేవు దాకా రాలేక ఇసుక మేటకు తగులుకుంది. మోకాలి లోతే, దిగి నడవండి అన్నారు. ప్యాంట్లు పైకి మడిచి, చీరలు పట్టుకొని, నవ్వుకుంటూ అందరూ దిగారు. వదిన మొగుడూ దిగాడు. మా ఆయన ఒక్కడే బోటులో కూర్చున్నాడు.

జనం పిలిచారు. ఎవరో, ఈయనకి నీళ్లంటే భయమని కన్నడంలో ఎగతాళి చేశారు. ఆయన లేవలేదు. బోటతను విసుక్కుంటూ దగ్గరికి వెళ్లాడు. ఈయన వంగి అతనితో ఏదో చెప్పాడు. అతను తలతిప్పి ఒడ్డున ఉన్న నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, వీపు వంచాడు.

అంత పొడుగు మనిషి, చెప్పులు చేత్తో పట్టుకొని, కాళ్లు రెండూ పైకి ముడుచుకొని, ఇంకొకడి వీపు మీద ఒడ్డుకొచ్చాడు. ఫోటోలు తీసుకునేవాళ్లు తీసుకున్నారు. దిగాక, ఇస్త్రీ ప్యాంటు పాడవుతుందని అలా చేశానని వదినతో చెప్పి నవ్వాడు. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక గొడవ పడదామనే ఉన్నాను. గదిలోకి రాగానే నా నోట్లోంచి వచ్చిన మాట వేరే. "పొద్దున్నుంచి కదల్లేదు."

ఆయన చొక్కా గుండీలు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. పాఠమేదీ చెప్పలేదు. అంతలో హాల్లో ఫోన్ మోగింది. ఆ టైములో మోగితే అమ్మే. నేను లేచే లోపల ఆయనే పరుగులాంటి నడకతో పోయి ఎత్తాడు.

"లేదత్తా, దిగలేదు. కాలు పెట్టలేదు," అన్నాడు. తరువాత గొంతు బాగా తగ్గించాడు. నేను తలుపు దగ్గర ఉన్న సంగతి ఆయనకు తెలియదు. "కానీ బోటులో నీళ్లు చిమ్మి చొక్కా తడిసింది. దానికేమన్నా దోషముంటుందా అత్తా?"

ఇన్ని నెలలుగా ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఈయన గడ్డం గీసుకుంటూ, కొబ్బరికాయలు కొడుతూ, గురక పెడుతూ ఇంత భయాన్ని ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియనే తెలియదు. అవతల అమ్మ ఏం చెప్పిందో వినపడలేదు. సరే అత్తా, సరే సరే అంటూ ఆయన ఫోన్ పెట్టేసి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

నేను మంచం మీదికి వచ్చేశాను. ఆయన గదిలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన చెయ్యి తీసుకొని కడుపు మీద పెట్టుకున్నాను. ఏమీ లేదు. వదిన అన్నానికి పిలిచింది, వస్తామన్నాం, లేవలేదు. ఆమె మళ్లీ పిలిచింది. అప్పుడు కదిలింది. నాకూ ఆయనకూ ఒకేసారి తెలిసింది.