స్విచ్చు దగ్గర నిలబడ్డవాణ్ణి

డెబ్బైల్లో తిరువూరులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. భయం వేస్తే ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది, మనిషి కలబడతాడు, లేదా పారిపోతాడు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఈ రెండూ చెయ్యని మూడో రకం ఒకటుందని బియ్యం మిల్లులో తెలిసింది. అది నేనే.

నేనూ మా ఆవిడా వడ్లు ఆడించుకోవడానికి వెళ్ళాం. అక్కడ తవుడు ఊడ్చే ఆమె పైట కొంగు మర బెల్టులో పడింది, దాంతోపాటే చెయ్యీ లోపలికి పోయింది. మా ఆవిడ పరుగెత్తి ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగుతూ, "స్విచ్చు ఆపండీ!" అని అరిచింది. స్విచ్చు నాకు రెండడుగుల దూరంలో ఉంది. నేను తవుడు సంచి పట్టుకుని మొద్దులా నిలబడ్డాను. మిల్లు నడిపే అతను వెనకవైపు నుంచి పరుగున వచ్చి ఆపాడు. ఆమె బతికింది గానీ, మోచేతి కింద చెయ్యి తీసేశారు.

మా ఆవిడ జడుసుకుందని మర్నాటి నుంచి మా ఇంటికి పరామర్శలు. మా వైపు పలకరించడానికి వచ్చినవాళ్ళు "అసలేం జరిగిందమ్మా, మొదట్నుంచీ చెప్పు" అని అడగాలి. అడక్కపోతే వాళ్ళది తప్పు, చెప్పకపోతే మనది తప్పు. వినగడప, నెమలి ఊళ్ళ చుట్టాలకూ, వీధిలో అందరికీ మా ఆవిడ మొదట్నుంచీ చెప్పింది. స్విచ్చు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు సర్దుకుని, "ఈయనే గబుక్కున ఆపారండీ," అనేది.

"పంతులుగారు ఉన్నారు గనక సరిపోయింది!" అనేవాళ్ళు. సిగ్గులేని మనిషిని, తల ఊపాను. పైగా ఆవిడ ఏదైనా మరిచిపోతే "ఆ కొంగు సంగతి చెప్పు" అని అందించాను కూడా.

నెల తిరిగేసరికి చుట్టాలు రావడం తగ్గింది. కానీ వీధి చివర పిండి మర మోగితే చాలు, ఆవిడ చేతిలో పని వదిలేసి గోడకు ఆనుకునేది. "ఇంకా ఏంటా భయం?" అని విసుక్కునేవాణ్ణి. నేను పాఠం చెప్పిన ఆ ఎడ్రినలినే ఆ క్షణాన్ని మెదడులో గట్టిగా అచ్చు వేస్తుందనీ, అది పిలవకుండానే కళ్ళముందుకొస్తుందనీ ఒక డాక్టరు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. బెదురు తీరకముందే బలవంతాన పదే పదే చెప్పించడం మంచిది కాదని కూడా అన్నాడు. మేం చేసింది సరిగ్గా అదే.

ఒక సాయంత్రం పిండి మర మోగగానే ఆవిడ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"మళ్ళీ ఆ చెయ్యేనా?" అన్నాను.

"చెయ్యి ఎప్పుడో ఒకసారి కనబడుద్ది. రోజూ కనబడేది మీరండీ. సంచి పట్టుకుని," అంది. కోపంగా కూడా అనలేదు. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ, "ఇంకెవరైనా అడిగితే మీరే చెప్పండి. నావల్ల కాదు," అంది.

ఆ ఆదివారమే గంపలగూడెం నుంచి మా బావ వచ్చాడు. ఆలస్యమైందని నొచ్చుకుంటూ కూర్చుని, "అసలేం జరిగింది?" అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది.

నేను కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడికి ఆవిడ గొంతు వినబడింది. "ఈయనే ఆపారు అన్నయ్యగారూ."