ముందు బయలుదేరిన మూట

మా బాపు లింగారావుకు హుస్నాబాద్ దగ్గరి మా ఊళ్లో కొంత పొలం, ఒక ట్రాక్టరు, ఒక పంచాంగం ఉండేవి. ఈ మూడింటిలో ఆయన దేన్ని ఎక్కువ నమ్మేవాడో ఊరంతటికీ తెలుసు. పొలం ఎండిందంటే ఊరుకునేవాడు, ట్రాక్టరు మొరాయించిందంటే దాన్ని నడిపే సిద్దిరాములును రెండు మాటలని ఊరుకునేవాడు. పంచాంగాన్ని ఎవరైనా ఒక్క మాటంటే మాత్రం ఆ పూట ఇంట్లో అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషి ఎనభైల చివర్లో నన్ను డాక్టర్ని చేస్తానని పట్టుబట్టాడు. మొదటిసారి ఎంసెట్ రాస్తే నాకు మంచి ర్యాంకు రాలేదు. బాపుకు అన్న, మా పెదబాపు సీతారాంరావు ఇంటికి పెద్ద. ఆయన మాట దాటి మా ఇంట్లో పొయ్యి కూడా వెలిగేది కాదు. నా ర్యాంకు చూసి ఆయన నింపాదిగా చుట్ట ముట్టించుకుని, ఇంకొక్కసారి రాయనిస్తానని, ఈసారి సీటు రాకపోతే చదువు బందని తేల్చేశాడు. బాపు సరేనన్నాడు. ఆ ఒక్కసారి మీదే నా బతుకంతా ఆధారపడి ఉంది.

ఇక చూడాలి మా బాపు హడావిడి. ఆయన చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పంచాంగం కోసమే. అందుకని తెలుగులో ఏది చదివినా పంచాంగ శ్రవణంలాగే ఉండేది. నా ప్రశ్నల పుస్తకం పట్టుకుని వేలితో గీత గీసినట్టు చూపుకుంటూ, "మానవుని మూత్రపిండమునందు..." అని రాగం తీస్తుంటే బాయి కాడ నీళ్లు తోడే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆయనకు అర్థం ఒక్క ముక్క తెలియదు. నేను జవాబు చెప్పగానే పుస్తకం చివరికి తిప్పి అక్కడున్న అక్షరం సరిచూసేవాడు. సరిపోతే మీసం కింద నవ్వు. సరిపోకపోతే మళ్లీ మొదటి నుంచి అదే రాగం. నేను పశువులకు గడ్డి వేస్తున్నా, తల దువ్వుకుంటున్నా వెనకే తిరిగేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండేది. కానీ ఆ రాగంలో విన్న ప్రశ్న మాత్రం చచ్చినా మరిచిపోయేదాన్ని కాదు.

దుర్ముహూర్తంలో ఫిజిక్సు ముట్టుకోనిచ్చేవాడు కాదు. వర్జ్యం ఉన్నంతసేపు బాటనీ మాత్రమే చదవాలి. అది చెట్ల శాస్త్రం కాబట్టి దానికి దోషం అంటదట. నన్ను కన్న అవ్వ నిర్మలాదేవి, పిల్లకు పిచ్చిలేస్తది, జర ఆగమని మొత్తుకునేది. ఆయన వింటేగా.

పరీక్ష కరీంనగర్‌లో, బుధవారం. ముందురోజు మధ్యాహ్నం బస్సుకు పోయి చుట్టాలింట్లో ఉండాలని అనుకున్నాం. బాపు పంచాంగం తీసి చూసి నెత్తి పట్టుకున్నాడు. కరీంనగర్ మాకు ఉత్తరాన ఉంటుంది. మంగళవారం, బుధవారం ఉత్తరం వైపు ప్రయాణం వారశూల. పోకూడదు. పోకపోతే పరీక్ష లేదు. దీనికి మా వైపు ఒక ఉపాయం ఉంది, దాన్నే పరస్థానం పెట్టడమంటారు. మంచి ఘడియ ఉన్న రోజు మన బట్టలో ఇన్ని బియ్యం, పసుపుకొమ్ము కట్టి, మనం పోవాల్సిన దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి వస్తాం. ఇక మనం బయలుదేరినట్టే లెక్క. పోయేరోజు ఆ మూట అందుకుని పోవచ్చు. ఒక్కటే షరతు. బయలుదేరిన మూట పని కాకుండా మళ్లీ మన ఇంటికి రాకూడదు.

సోమవారం పొద్దున బాపే నా చీరముక్కలో మూట కట్టి, ఊరికి ఉత్తరం కొసన ఉన్న దేవవ్వ ఇంట్లో పెట్టి వచ్చాడు. దేవవ్వ మా పొలాల్లో పనిచేసే మనిషి. మొగుడు పోయాడు, ఉన్న ఒక్క ఆడబిడ్డను చిగురుమామిడికి ఇచ్చి పెళ్లి చేసింది. ఊళ్లో పరస్థానం ఎవరు పెట్టినా ఆమె ఇంట్లోనే. మాట మీద నిలబడే మనిషని పేరు.

మంగళవారం మధ్యాహ్నం అన్నాలు తిని లేచాం. అవ్వ నా సంచి సర్దుతూ హాల్‌టికెట్ ఏదని అడిగింది. నేను పుస్తకంలో చూశాను. లేదు. పుస్తకాలన్నీ దులిపాను. లేదు. సంచి నేల మీద కుమ్మరించాను. బాపు మాత్రం అరుగు మీద కూర్చుని చల్లగా, "పరేషాన్ కాకుండ్రి. అది మూటల ఉన్నది" అన్నాడు.

బాపు తన తెలివి తానే మెచ్చుకుంటున్నట్టు చెప్పుకొచ్చాడు: "పరీక్ష రాసేది చీర కాదు గద. మంచి ఘడియల పోవాల్సింది హాల్‌టికెటే. అందుకే దాన్నే ముందు పంపిన."

ఆ నిమిషాన నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ తిట్టే తీరిక లేదు. అందరం దేవవ్వ ఇంటికి ఉరికాం. తలుపుకు తాళం. బాపు ముఖం వాడిపోవడం నా జీవితంలో మొదటిసారి చూశాను. తాళం పగలగొడదామని సిద్దిరాములు అన్నాడు. దిక్కులేని ఆడమనిషి ఇంటి తాళం పగలగొడితే దొంగకూ తనకూ తేడా ఏముందని బాపు ఒప్పుకోలేదు. అప్పుడే పక్కింటి పోశవ్వ అడవి నుంచి తునికాకు మోపుతో వచ్చింది. మోపు దించకుండానే సంగతి చెప్పింది. బిడ్డకు నొప్పులు వస్తున్నాయని తెల్లారకముందే కబురొస్తే దేవవ్వ మొదటి బస్సుకు చిగురుమామిడి పోయిందట.

"మరి మూట?" అన్నాడు బాపు.

"చంకల పెట్టుకుని పోయింది దొరా. మీ ఇంటికి మర్ల పంపద్దు గద, చిగురుమామిడి గూడ గదే దిక్కు గద అన్నది. మీకు చెప్పుమన్నది, నేను ఆకుకు పోయిన."

బాపుకు ప్రాణం లేచి వచ్చింది. మూట వెనక్కి రాలేదు, ముందుకే పోయింది. చూసినవా, ముహూర్తం ఎంత గట్టిదో అన్నట్టు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ట్రాక్టరుకు ట్రాలీ విప్పేసి, సిద్దిరాములు నడుపుతుంటే చక్రాల పైరేకుల మీద ఒకవైపు నేను, ఒకవైపు బాపు ఎక్కాం. ఎండ మండిపోతోంది. ఎర్రటి దుమ్ము కళ్లలో పడుతోంది. ఆ మోతలో, ఆ కుదుపుల్లో, ఒక చేత్తో రేకు పట్టుకుని రెండో చేత్తో పుస్తకం తెరిచి మా బాపు గొంతు చించుకుని ప్రశ్నలు అడుగుతున్నాడు. "కప్ప హృదయమునందు గదులెన్ని" అని ఆయన అరుస్తుంటే, మూడు అని నేను ఇటునుంచి అరిచాను. దారిన పోయే బండ్లవాళ్లు ఎడ్లు ఆపి మరీ చూశారు. భయమూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చిగురుమామిడి చేరితే చాలు, అంతా సర్దుకుంటుందని అనుకున్నాను.

చిగురుమామిడిలో ఆ ఇల్లు పట్టుకునేసరికి అరుగు మీద ఒక ముసలాయన తప్ప ఎవరూ లేరు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని, కోడల్ని జీపులో కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకపోయారని చెప్పాడు. దేవవ్వ కూడా పోయింది. మూట సంగతి అడిగితే, ఒళ్లో పెట్టుకుని జీపెక్కిందన్నాడు. బాపు సిద్దిరాములు భుజం తట్టి ఎక్కాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కరీంనగర్ దవాఖాన చేరేసరికి పొద్దు వాలుతోంది. కానుపుల వార్డులోకి మగవాళ్లను పోనివ్వరని గేటు దగ్గర కూర్చున్న ఆయమ్మ బాపును ఆపేసింది. మా ఊళ్లో బాపును గుమ్మంలో ఆపినవాళ్లు లేరు. ఆయన చెట్టు కిందికి జరిగి, నన్ను పొమ్మని చేత్తో సైగ చేశాడు.

వరండా చివర దేవవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు చెదిరి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తలుపు అవతల ఎవరో గట్టిగా మూలుగుతున్నారు. అది ఆమె బిడ్డ గొంతని నాకు వెంటనే అర్థమైంది. మా మూట మాత్రం ఆమె ఒళ్లో రెండు చేతుల మధ్య ఉంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని నేనే పక్కన కూర్చున్నాను.

"వచ్చినవా చిన్న దొరసాని. పొద్దటిసంది దీన్ని నేల మీద పెట్టలే" అంది. "నా బిడ్డ లోపల మొత్తుకుంటుంటే ఉరుకుదామనిపించింది. మూట ఎవరికిచ్చి ఉరకాలె? నీ పరీక్ష గిందులనే ఉన్నది గద అని పట్టుకుని కూసున్న."

అందులో హాల్‌టికెట్ ఉందని ఆమెకు తెలియనే తెలియదు. బియ్యం, పసుపు, చీరముక్కనే నా పరీక్ష అనుకుని మోసింది. నాకు ఏడుపు ఆగలేదు. ముడి విప్పి కాగితం తీసుకుని, మూట మళ్లీ ఆమె ఒళ్లోనే పెట్టాను. నా ఫోటో మీద పసుపు అంటింది తప్ప అంతా బాగానే ఉంది. దేవవ్వ దాన్ని వింతగా చూసి, "గింత పెద్ద కాయిదం పెట్టిండని దొర నాకు ఒక్కమాట చెప్పద్దా" అని నొచ్చుకుంది.

బయటికి వచ్చి చూపిస్తే బాపు దాన్ని ముట్టుకోలేదు. లోపల ఆమె బిడ్డకు ఎట్లా ఉందని అడిగాడు. ఆపరేషన్ చేస్తారట అని చెప్పాను. ఏం అవసరం పడినా ఉరకాలని సిద్దిరాములును ట్రాక్టరుతో సహా అక్కడే ఉంచేశాడు. మేం చుట్టాలింటికి నడిచి పోయాం. పొద్దున మేం పరీక్షకు బయలుదేరుతుంటే సిద్దిరాములు నవ్వుకుంటూ ఎదురొచ్చాడు. ఆడపిల్ల పుట్టిందట, తల్లీపిల్లా బాగున్నారట. బాపు ఉన్నపాటున గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

పరీక్ష హాల్లో సారు నా హాల్‌టికెట్ మీది పసుపు చూసి, పెళ్లికేమైనా వచ్చావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. ఆయనకు కథంతా చెప్పాలనిపించి నవ్వు ఆపుకున్నాను. పేపరు అందుకోగానే భయం ఎటు పోయిందో పోయింది. చెయ్యి దానంతటదే ఉరికింది. బయటికి వచ్చేసరికి తల్లిదండ్రులందరూ నీడ చూసుకుని కూర్చుంటే మా బాపు ఎండలో నిలబడి ఉన్నాడు. మంచిగ రాసిన బాపు అంటే, దవాఖానకు నడువు అన్నాడు. దేవవ్వ మమ్మల్ని చూసి, పని అయింది కదా, ఇక ఇంటికి తీసుకపోవచ్చని మూట చేతికి ఇచ్చింది. అప్పటిదాకా ఆమె దాన్ని ఒళ్లోంచి దించలేదు.

సీటు వరంగల్‌లో వచ్చింది. ఆ కబురు తెచ్చిన కాగితం పట్టుకుని బాపు ఇంట్లోంచి బయటికి ఉరుకుతుంటే నేను వెనకే ఉరికాను. పెదబాపు ఉండే పెద్దింటి ముందు నుంచే పోతూ కూడా ఆయన ఆగలేదు. అరుగు మీద కూర్చున్న పెదబాపు పిలిచినా వినిపించుకోలేదు. ఉత్తరం కొసకు పోయి, మనుమరాలికి నీళ్లు పోస్తున్న దేవవ్వ ముందు నిలబడి ఆ కాగితంలో ఉన్నదంతా పంచాంగం చదివినట్టు రాగం తీసి చదివాడు. ఆమెకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తడిచేతులతోనే నా చెంపలు నిమిరింది.

తిరిగి వస్తుంటే పెదబాపు చేతికర్ర పట్టుకుని దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఇంటికి పెద్దను నేనుండగా ఆ కబురు ముందు దేవవ్వకు చెప్పడమేమిటని గద్దించాడు. అన్న ముందు ఏనాడూ గొంతెత్తని మా బాపు, ఆయన కళ్లలోకి సూటిగా చూశాడు.

"మూట మోసింది ఆమె. నువ్వు కాదు, నేను కాదు."

పెదబాపు దారి వదిలి పక్కకు జరిగాడు.