వదిన కంబళి కప్పిన గిన్నె

మొన్న హోసూరులో మా చిన్నకోడలు పనిచేసే ల్యాబ్‌కు వెళ్తే, బల్ల మీద చిన్న యంత్రం ఒకటి డీఎన్ఏ గొట్టాలను తానే వేడిచేసి, తానే మెల్లమెల్లగా చల్లారుస్తూ కనిపించింది. చూడగానే మా వదిన కంబళి గుర్తొచ్చింది, దానితో పాటు నా పాత కడుపుమంటా గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళకు చెప్పుకుంటే తప్పేముంది!

వదిన అంటే మా మేనమామ కూతురు, సూళగిరి దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఇద్దరం ఒకేరోజు హోసూరులో ఒక విత్తనాల ల్యాబ్‌లో చేరాం, ఏడాది తిరిగాక ఒకరినే పర్మనెంట్ చేస్తామన్నారు. పనేమిటంటే, మెలితిరిగిన రెండు పేటల డీఎన్ఏను మరిగే నీళ్ళలో ఉంచి పేటలు విడదీయడం, ఆ తర్వాత వాటిని మళ్ళీ జతకూడనివ్వడం. ఏ పేటకు ఏది సరిజోడో వాటికే తెలుసు, అవి వెతుక్కునే వ్యవధి మనం ఇవ్వాలంతే. నాకు ఆ ఓపిక ఎక్కడిది? గొట్టాలు తీసి ఫ్యాను కింద పెట్టేదాన్ని, సగానికి సగం ఒంటరిగానే మిగిలేవి. వదిన మాత్రం గొట్టాలను వేడినీళ్ళ గిన్నెలోనే వదిలేసి, ఇంట్లో పాలు తోడుపెట్టిన కుండకు చుట్టినట్టు గొర్రెబొచ్చు కంబళి కప్పి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి అన్నీ జతకూడి ఉండేవి. పెద్దసారు ఆమెను మెచ్చుకున్న ప్రతిసారీ నేను కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వదిన అన్నానికి పోగానే వేడినీళ్ళు పారబోసి, మంచునీళ్ళు నింపి, ఏమీ ఎరగనట్టు కంబళి కప్పేశాను. అట్లా ఉన్నట్టుండి చల్లబడితే పేటలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. వదిన వచ్చి గిన్నె ముట్టుకుంది, నా ముఖం చూసింది.

"ఏం కాలేదులేమ్మా, మళ్ళా కాగబెడితే సరిపోతుంది. ఈ తూరి కంబళి నువ్వే కప్పు," అంది.

నీళ్ళు మళ్ళా కాగబెట్టి, కంబళి నేనే కప్పాను. సాయంత్రానికి అన్నీ జతకూడాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ ఉద్యోగం వదినకే వచ్చింది, నేను పెళ్ళి చేసుకుని మత్తూరు వచ్చేశాను, మాటలూ నేనే తగ్గించేశాను.

ఇప్పుడు ఆ ఓపికంతా యంత్రం పడుతోంది, కంబళి ఎవరికీ అక్కర్లేదు. ఆరోజు వదిన ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో. ఉద్యోగం మీద అసూయ ఎప్పుడో చల్లారింది గానీ, ఆ తిట్టని మనసు ఆమెకే ఎందుకిచ్చాడు దేవుడని అరవై దగ్గరపడుతున్నా ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్నాను.