ఆరుగురు తొక్కి చూసిన సైకిల్

జగన్నాధం దుకాణంలో గాలి కొట్టడానికి ఒకటే పద్ధతి. టైరు పక్కన ఎంత అంకె అచ్చేసి ఉంటే అంత. కొట్టాక బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు దిగితే మళ్ళీ కొడతాడు.

"రాయిలాగుండాల" అంటాడు.

ఆ పద్ధతి అతనికి చేపల సైకిల్ నుంచి వచ్చింది. పూసపాటిరేగ వైపు సముద్రపు ఒడ్డు ఊరు అతనిది. పదహారో ఏట మొదలుపెట్టి పన్నెండేళ్ళు, తండ్రి అసిరయ్య వెనకాలే, ఒడ్డున చేపలు కొని గంప సైకిల్‌కి కట్టుకుని విజయనగరం దాకా తొక్కేవాడు. గంపలో యాభై అరవై కేజీల సరుకు, పైన ఐసు. టైరులో గాలి తగ్గితే ఆ బరువుకి రిమ్ము నేలకి తగిలి ట్యూబు చీలేది. దారిలో ట్యూబుకి మాసిక వేసుకుంటూ కూర్చుంటే ఐసు కరిగేది. అందుకే రాయిలా ఉండాలి.

తండ్రి దగ్గర నేర్చుకున్న పని ఇంకొకటి ఉంది. గంపని నేరుగా కేరేజీ మీద పెడితే గోతుల్లో అడుగునున్న కానాగంత చేపలు నలిగిపోతాయి. అందుకని పాత ట్యూబులు పట్టీలుగా కోసి, కేరేజీ మీద మంచం నవారులా అల్లి, వాటి మీద గంప కూర్చోబెట్టేవారు. ఆ బిగువు సరిపోయిందో లేదో అసిరయ్య వేళ్ళతో చూసేవాడు. గంప ఎక్కించాక పట్టీలు రెండు వేళ్ళ మందం దిగాలి. దిగకపోతే ఒక చుట్టు విప్పాలి. మరీ దిగితే ఒక చుట్టు బిగించాలి. అసిరయ్య తెచ్చిన చేప నలగదని బజారులో పేరుండేది.

జగన్నాధానికి చేపలు అమ్మడం కంటే తోటివాళ్ళ సైకిళ్ళు బాగుచెయ్యడం మీద మనసు ఎక్కువ. ఇరవై ఎనిమిదో ఏట విజయనగరం కోట దగ్గర రోడ్డు పక్కన రేకులు దించి దుకాణం పెట్టాడు. భార్య గున్నమ్మ బజారులో చేపల తట్ట వదలలేదు. పెద్ద ఊళ్ళ నుంచి గేరు సైకిళ్ళు రావడం మొదలయ్యేసరికి అతనికి యాభై దాటాయి. వాటిని విప్పాడు, బిగించాడు, ఒకటి రెండు పాడుచేసి మూడోదాంతో నేర్చుకున్నాడు. 2017 నాటికి ఆదివారం పొద్దుటే రామతీర్థం వైపు తొక్కే పదిహేనుమందీ ముందు అతని దుకాణం దగ్గర ఆగేవారు. కొత్త సైకిల్ గురించి ఎవరు ఎన్ని మాటలన్నా, జగన్నాధం చివర్లో అనే ఒక్క మాట కోసం చూసేవారు.

ఆ పదిహేనుమందిలో శైలజ ఒకతె. జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. రెండేళ్ళ కిందట రామతీర్థం కొండ వెనక బాటలో పడి నడుం దెబ్బ తగిలించుకుంది. అప్పటి నుంచి సైకిల్ దిగినప్పుడల్లా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని దిగేది. కుదుపులు పనికిరావనీ, తొక్కాలనుంటే తారు రోడ్డు మీద తొక్కమనీ డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద లారీల పక్కన తొక్కడం ఆమెకి ఇష్టం లేదు. వారానికోసారి ఆ రాళ్ళ బాటలో రెండు గంటలు తిరగడమే ఆమెకి కావాలి. అందుకోసం బెంగుళూరులో ఎవరో తొక్కి పక్కన పెట్టిన సైకిల్ ఒకటి కొంది. ముందూ వెనకా కూడా సస్పెన్షన్ ఉన్నది. ఆ గుంపులో అలాంటిది ఎవరికీ లేదు.

అట్టపెట్టెలో విడిభాగాలుగా వచ్చింది. పుస్తకం ఏదీ రాలేదు. వెనక కుదుపులు మింగే షాక్ గాలితో పనిచేసేది; లారీలో వేస్తున్నారు కాబట్టి అందులో గాలి తీసేశారు. పెట్టెలో చిన్న పంపు మాత్రం ఉంది, దానికి గడియారంలా ఒక మీటరు.

"దీన్తో కొడితే సరిపోతాదా బాబాయ్?" అంది శైలజ.

జగన్నాధం షాక్‌ని తిప్పి చూశాడు. మోటారు సైకిల్ టైరుకుండే వాల్వే దీనికీ ఉంది. పక్కన మూడొందలని అంకె అచ్చేసి ఉంది.

"గాలి పట్టేది ఏదైనా ఒకటే టీచరమ్మా. అంకె దానిమీదే ఉన్నాది" అన్నాడు.

ముల్లు మూడొందల దగ్గరికి వచ్చేదాకా కొట్టాడు. చివర్లో పంపు మీద ఒళ్ళంతా వేసి నొక్కాల్సి వచ్చింది. షాక్ కడ్డీ మీద వదులుగా ఒక నల్ల రబ్బరు ఉంగరం ఉంటే, ఏదో సీలు జారిందనుకుని పైకి నెట్టి పెట్టాడు.

ఆదివారం రామతీర్థం బాటలో ఆ సైకిల్‌ని ఆరుగురు తొక్కారు. శైలజే అడిగింది, తలా ఒకసారి తొక్కి ఎలా ఉందో చెప్పమని. ఎనిమిదిన్నరకి దుకాణం ముందు టీలు తాగుతూ చెప్పారు.

"ఎక్కుడులో బేషుగ్గా ఉన్నాది" అన్నాడు మందుల షాపు హరిబాబు. తొంభై అయిదు కేజీల మనిషి. "ఇలాటివి ఊగుతాయని నెట్‌లో రాస్తారు గానీ ఇది ఊగనే లేదు. దిగుడులో మాత్రం నా పాతదే నయం."

"నీ కింద ఏదైనా ఊగుతాదా మావా" అన్నాడు ఇన్సూరెన్స్ ఆఫీసు ధనరాజ్. "నాకైతే గాడిద తన్నినట్టున్నాది. రెండు షాకులు పెట్టుకుని కూడా ఈ గుద్దుడేటి? బరువొకటి తోడు."

ఇంజనీరింగ్ కాలేజీ ఆయన ఫ్రేము కోణాలు మన ఎత్తుకి సరిపోవని పది నిమిషాలు చెప్పాడు. బ్యాంకు ఆయనకి బ్రేకులు నచ్చాయి. అయిదో మనిషి ఫోను తీసి, ఈ సైకిల్‌కి అయిదుకి నాలుగున్నర నక్షత్రాలున్నాయనీ, కాబట్టి లోపం బాటదేననీ అన్నాడు.

శైలజ అరుగు అంచున కూర్చుని ఉంది.

"గతుకు తగిలినప్పుడల్లా ఇక్కడ పొడిచినట్టుంది. పాత సైకిల్ మీద ఇంతకంటే నయం" అంది. నడుం పట్టుకుని, "సైకిల్‌ది కాదేమో. నా నడుమే ఇంక ఇంతేమో" అంది.

అందరూ జగన్నాధం వైపు చూశారు. అతను పానాలు తుడుస్తున్నాడు.

"మన రాళ్ళకి ఇది ఆగదు టీచరమ్మా" అన్నాడు. "అమ్మీండి."

ఆమె తలాడించింది. విశాఖపట్నంలో ఒకాయన అడుగుతున్నాడనీ, వచ్చే ఆదివారం పదింటికి వచ్చి తీసుకెళ్తాడనీ ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పింది.

"కడిగి ఉంచు బాబాయ్. పాతది కూడా ఎవరైనా అడిగితే సెప్పు. ఇంక చాల్లే."

బుధవారం మధ్యాహ్నం జగన్నాధం సైకిల్ కడగడానికి కూర్చున్నాడు. షాక్ మీద ఎర్రదుమ్ము పేరుకుంది. గుడ్డతో తుడుస్తుంటే నల్ల ఉంగరం కనబడింది. తను నెట్టిన చోటు నుంచి గోరంత మాత్రమే దిగింది. దాని కింద కడ్డీ మీద దుమ్ము ఒకే తీరుగా, ఎక్కడా గీత పడకుండా ఉంది.

ఆరుగురు తొక్కారు. తొంభై అయిదు కేజీల హరిబాబు దిగుడులో దూకించాడు. కడ్డీ ఎంత లోపలికి పోతే ఉంగరం అంత కిందికి జరగాలి. ఆ కడ్డీ లోపలికి పోనేలేదు.

సీటు మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కాడు. కదల్లేదు. రాయిలా ఉంది.

అతను నీళ్ళ బకెట్టు పక్కకు జరిపాడు. తర్వాత సైకిల్‌ని దుకాణం గుంజకి ఆనించి, గుంజ మీద సీటు ఎత్తున సుద్దతో గీత గీశాడు. వాల్వు నొక్కి గాలి కొంచెం వదిలి సీటు మీద కూర్చున్నాడు. ఇంకా వదిలాడు, మళ్ళీ కూర్చున్నాడు. నాలుగోసారి కూర్చుని గుంజ వైపు తిరిగి, గీతకీ సీటుకీ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు పట్టాయి. దుకాణం ముందున్న గోతిలోకి దింపాడు, మెట్టు మీదకి ఎక్కించాడు. వెనక చక్రం లేచింది, దిగింది. నడుం దాకా కుదుపేమీ రాలేదు.

గాలి పట్టేది కాబట్టి షాక్‌ని టైరనుకున్నాడు. అది టైరు కాదు, పట్టీ. పన్నెండేళ్ళు రోజూ విప్పి బిగించిన పట్టీ.

గున్నమ్మ తట్ట ఖాళీ చేసుకుని వచ్చేసరికి అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడు, తినడం లేదు. విషయం చెప్పాడు.

"దానికేటి" అందామె. "ఏదో పట్టేసింది, నూనేసి తీసీసేనని సెప్పీ. అబద్దమేటి అందులో. పట్టేసే ఉన్నాది కదా."

"నేనే పట్టేసేను."

"ఆ ముక్క ఆలకెందుకు? నీ నోట్లోంచి వచ్చిన మాట మీద సైకిళ్ళు కొంటన్నారు, అమ్ముతన్నారు. రేపు ఒక్కడొస్తాడా నీ గుమ్మంలోకి?"

అతను శైలజకి గురువారం ఫోను చేద్దామనుకున్నాడు. శుక్రవారం, శనివారం కూడా అనుకున్నాడు. ఆదివారం వచ్చేసింది.

ఆరింటికి శైలజ స్కూటర్ మీద వచ్చింది. తొక్కడానికి కాదు, అమ్మేలోగా సైకిల్ ఒకసారి చూసుకోవడానికి. చుడీదారు వేసుకుంది. హరిబాబు, ధనరాజ్, మరో ఇద్దరు గాలి కొట్టించుకోవడానికి నిలబడి ఉన్నారు.

"టీచరమ్మా, ఇది అమ్మొద్దు" అన్నాడు జగన్నాధం.

"అదేటి? నువ్వే కదా అమ్మీమన్నావు."

"షాక్ పట్టేసిందమ్మా. నూనేసి తీసీసేను. ఇప్పుడు బాగున్నాది."

శైలజ సైకిల్ వైపు చూసింది, తర్వాత అతని వైపు.

"ఒకసారి పట్టేసింది మళ్ళీ పట్టేస్తాది కదా బాబాయ్. దిగుడు మధ్యలో పట్టేస్తే నేను ఇంక లేవలేను. వద్దు. ఆయన పదింటికి వస్తాడు, ఇచ్చీ" అంది.

ఆమె స్కూటర్ తాళం తిప్పింది. ఆ అబద్ధంతో సైకిల్ మంచిదని నమ్మించలేనని జగన్నాధానికి అర్థమైంది. సైకిల్ తప్పు లేదనాలంటే తప్పు ఎవరిదో చెప్పాలి.

"పట్టెయ్యలేదమ్మా" అన్నాడు. "సైకిల్‌కి ఏ రోగమూ లేదు. నేను గాలి రెండింతల పైనే కొట్టేసేను. మూడొందలని ఉంటే టైరు లెక్కనుకున్నాను. అది దాటకూడని అంకె. షాక్ అసల్లో కదల్లేదు. మీరెవరూ దీన్ని తొక్కినట్టే కాదు."

టీ గ్లాసు హరిబాబు నోటి దగ్గర ఆగింది.

"అంటే ఎక్కుడులో ఊగలేదన్నాను సూడు..."

"ఎలా ఊగుతాది బాబూ. ఇనప కడ్డీలాగున్నాది."

ధనరాజ్ పకపకా నవ్వాడు. "ఒరే, ఇనప కడ్డీ మీద కూర్చుని గంట సేపు ఉపన్యాసాలిచ్చేమురా! కోణాలు కూడా కొలిచేసేడాయన." నవ్వు సగంలో ఆపి, జగన్నాధం వైపు తిరిగి, "మావా, పోయిన్నెల నా సైకిల్ ముందు షాక్‌కి కూడా నువ్వే కదా కొట్టేవు. అదెంత కొట్టేవు?" అన్నాడు.

జగన్నాధం ఒక క్షణం నేల చూశాడు. "అదీ అంతే" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనరాజ్ తన సైకిల్ దగ్గరికి వెళ్ళి ముందు షాక్‌ని నొక్కి చూసుకున్నాడు.

శైలజ స్కూటర్ తాళం తీసి చేతిలో పట్టుకుంది.

"వారమంతా నా నడుమే పాడైపోయిందనుకున్నాను" అంది. గొంతు పెంచలేదు. "పాత సైకిల్ కూడా ఎవరికో ఇచ్చీమన్నాను నీకు."

"అన్నారమ్మా."

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

ఆమె తాళం సంచిలో పడేసింది. తర్వాత "ఎలా సరి చేస్తావు, సూపించు" అంది.

అతను సైకిల్‌ని గుంజకి ఆనించి, పాత గీత తుడిచి కొత్తది గీశాడు. ఆమెను ఎక్కి, గుంజ పట్టుకుని కదలకుండా కూర్చోమన్నాడు. సీటు ఎంత దిగిందో వేళ్ళతో చూశాడు. అతని కంటే ఆమె తేలిక. ఇంకొంచెం గాలి తీశాడు. మళ్ళీ కూర్చోమన్నాడు. రెండు వేళ్ళు సరిపోయాక దిగమన్నాడు. పంపు పెట్టి చూస్తే ముల్లు నూటపది దగ్గర ఆగింది.

"అంకెని నమ్మకండి. మనిషి కూర్చున్నాక రెండు వేళ్ళు దిగాల" అన్నాడు.

శైలజ ధనరాజ్ హెల్మెట్ అడిగి పెట్టుకుంది. చున్నీ నడుముకి కట్టుకుంది. మిగతావాళ్ళ కంటే ముందే బయల్దేరి వెళ్ళిపోయింది. ధనరాజ్ గాలి కొట్టించుకోకుండానే ఇంటి వైపు వెళ్ళాడు.

జగన్నాధం ఆ పూట ఒక పంక్చరు వేశాడు. ఎవరో చైను బిగించమంటే బిగించాడు. తొమ్మిది దాటింది. విశాఖపట్నం ఆయన ఇంకో గంటలో వస్తాడు. రోడ్డు వైపు చూడకుండా ఉండటానికి పానాలన్నీ సైజుల వారీగా పేర్చాడు.

తొమ్మిదింబావుకి ఆమె వచ్చింది. చుడీదారు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. అతను ఆమె ముఖం చూడలేదు, వంగి షాక్ చూశాడు. నల్ల ఉంగరం కడ్డీ చివరికి ఇంకో గోరంత దూరంలో ఉంది. తల ఎత్తేసరికి ఆమె సైకిల్ దిగి, నడుం మీద చెయ్యి లేకుండా, రెండు చేతులతో హెల్మెట్ తీస్తోంది.

ఆమె ఫోను తీసి విశాఖపట్నం ఆయనకి రావొద్దని చెప్పింది, రెండుసార్లు క్షమించమంది. ఫోను సంచిలో వేసుకుని అరుగు మీదకి చూసింది.

"ఆ పంపు ఇలా ఇచ్చీ బాబాయ్" అంది. "ఇంకనించి దీనికి గాలి నేనే కొట్టుకుంటాను."

జగన్నాధం పంపు తీశాడు. మీటరు అద్దం మీద వేలిముద్రలు పోయేదాకా గుడ్డతో తుడిచి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.