ఘాటు రాని శుక్రవారం

దయ్యాలు, దిష్టులు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మూడు దారుల దగ్గర ఎవరైనా ఎర్రనీళ్లు పారబోస్తే పనిగట్టుకుని తొక్కి నడిచేవాణ్ణి. ఇప్పటికీ నా మాట అదే. ఈ ఒక్క సంగతి మాత్రం నా బుర్రకు అందలేదు.

యాభైల చివరి మాట. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో యువజన సంఘం పెట్టుకుని శ్రమదానంతో రోడ్లు వేసేవాళ్లం. సిలోన్‌లో ఒక పల్లెకు మంచినీళ్ల బావి తవ్వడానికి కుర్రాళ్లు కావాలని కబురొస్తే నేనూ, నా స్నేహితుడు ఖాసిమూ పేర్లిచ్చాం. సంఘంవాళ్లు మా ఇద్దరికీ ఒకే తానులో గుడ్డ తీసి చొక్కాలు కుట్టించారు.

ఖాసిం తల్లి మీరాబీ పిన్నమ్మకు వాడొక్కడే. భర్త పోయాక కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసి వాణ్ణి పెంచింది. ఆ పనితో ఆమెకు పొడిదగ్గు పట్టుకుంది. చివర్లో సన్నగా ఈల వేసినట్టుండేది. వీధి మొదట్లోంచే పోల్చుకునేవాళ్లం.

కొడుకును సముద్రం దాటించడానికి ఆమె ససేమిరా అంది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నీ వెంట పంపుతున్నా నాయనా. నీ వెంటే తీసుకురా" అంది. అలాగేనన్నాను.

అక్కడి నేల ఇసుక కలిసిన ఎర్రమట్టి. మా రేగడిలో నిలువునా తవ్వినా గోడ కదలదు. ఆ ధీమాతో ఊతకర్రలు పెట్టకుండానే దిగిపోయాం. అక్కడివాళ్లు వద్దంటే, బావులు మాకు కొత్తా అని నవ్వాం.

ఒక శుక్రవారం పొద్దెక్కాక ఇద్దరం అడుగున తవ్వుతున్నాం. ఉన్నట్టుండి పొయ్యిలో ఎండుమిరపకాయలు మాడిన ఘాటు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఆ ఘాటు సంగతి ఒకరు చెప్పాలా! ముక్కు, గొంతు భగ్గుమన్నాయి.

"ఒరేయ్, నీకు ఇంటి మీద బెంగ పట్టుకుందిరా. నాకేం రావట్లా" అని ఖాసిం నవ్వాడు.

దగ్గు ఆపుకోలేక నిచ్చెనెక్కి పైకొచ్చాను. కూజాలో నీళ్లు తాగి గట్టు మీద కూలబడ్డాను. కాసేపటికి వాడూ పార వదిలేసి గబగబా ఎక్కొచ్చాడు. గట్టు మీద కాలు పెట్టాడో లేదో, బావి ఒక పక్కంతా జారి అడుగు పూడిపోయింది. మా పారలూ గంపా అందులోనే పోయాయి. పిన్నమ్మకు ఏమని చెప్పేవాణ్ణిరా దేవుడా అనుకుని వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను.

తర్వాత వంటవాళ్లను అడిగాను. ఆ పూట మిరపకాయ ముట్టుకోలేదన్నారు. పైగా గాలి అటునుంచి లేదు.

ఇంటికి తిరిగొచ్చాక పిన్నమ్మే మాట ఎత్తింది. అప్పటికి బావి సంగతి మేం ఎవరికీ చెప్పలేదు.

"రంజాను ముందరి శుక్రవారం పొద్దున్నించీ మనసు ఒకటే పీకింది. నీ చొక్కాకి దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేస్తే, ఇంతైనా ఘాటు రాలేదురా ఖాసిం! ఎంత దిష్టో! నా దగ్గు కూడా ఆ పూట మాయమైపోయింది."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. బావి కూలిందీ అదే శుక్రవారం. ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను.

ఆమె లేచి వెళ్లి చొక్కా తెచ్చింది. మేం బయల్దేరాక చాకలి తెచ్చిచ్చిన చొక్కా అది. కాలరు లోపల చాకలి వేసిన గుర్తు మా ఇంటిది. చాకలి మూటలో తారుమారైన నా చొక్కా.

పిన్నమ్మ మొహం పాలిపోయింది. "అయితే నా బిడ్డకు తియ్యలేదా నేను? ఘాటు నీకే వచ్చిందా నాయనా? వాడికి రాలేదా?"



ఖాసిమే అన్నాడు, "ఘాటు రాలేదమ్మా. దగ్గు వినపడింది. వీడిది కాదు, నీది. చివర్లో ఈల వేస్తుందే, అది. పైన నువ్వున్నావనుకునే ఎక్కొచ్చా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాడి తల నిమురుతూ ఉండిపోయింది.

తల్లి మనసు కుదుటపడాలని కల్పించి చెప్పాడేమోనని తర్వాత నిలదీశాను. ఒట్టేసి చెప్పాడు. నిజంగా విన్నది నా దగ్గేనేమో అనుకుందామా అంటే, అదీ కుదరదు. నీళ్లు తాగగానే నా దగ్గు ఆగిపోయింది. వాడు నిచ్చెన ఎక్కేటప్పుడు గట్టు మీద నేనొక్కణ్ణే, చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉన్నాను.