లాల్‌పేట్‌లో అరిచిన పాత ఇంజను

ఒక్క రేసు కారు చప్పుడుతో కాలనీ మొత్తాన్ని బొగ్గుగని గేటు దాకా పరుగెత్తించిన ఘనుణ్ణి ఎప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూసి సంతోషించండి. కాకపోతే ముందు నా కోపం వినాలి, అది ఇప్పటికీ చల్లారలేదు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఏడాది అది. అదే ఏడాది ఫార్ములా వన్ కార్ల రేసు పెద్దలు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు పీకేసి, ఆరు సిలిండర్లవి తగిలించారు. మన దేశంలో మూడేళ్ళు జరిపిన రేసును అప్పటికే ఎత్తేశారు, పోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు చప్పుడు కూడా ఎత్తేస్తారా? గుండెలదిరేలా అరిచే కార్లు మా అమ్మ మిక్సీ కన్నా మెల్లగా గొణుగుతుంటే, అది రేసా, సంతాపసభా?

ఆ జూన్‌లో ఒక ఆదివారం లాల్‌పేట్‌లోని మా కాలనీలో కొత్త రాష్ట్రం సంబరం. ఉండేది మహారాష్ట్రలోని చంద్రపూర్‌లోనే అయినా, మేమంతా గనిపనికి తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళమే. మైకు సెట్టు మా డాబా మీద పెట్టారు. అక్కడే పక్కింటి రాజం మామకు నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"సప్పుడు తగ్గితే మంచిదే గదరా, చెవులు సల్లగుంటయ్."

"నువ్వు పాత ఇంజను ఇనలే మామా. ఇంటే గట్లనవు."

"గంత గొప్పదైతే ఇనిపియ్ మరి!"

వినిపించాను. ఫోనులో దాచుకున్న పాత రేసు రికార్డును మైకు సెట్టుకు కలిపి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. కారు దూరం నుంచి సన్నగా మొదలై, పైపైకి లేచి, ఆకాశం చిరిగేలా అరిచింది. నేను కళ్ళు మూసుకొని పరవశించిపోయాను.

గని సైరన్‌ను మా దగ్గర భోంగా అంటారు. అదీ అచ్చం ఇలాగే సన్నగా మొదలై పైపైకి లేస్తుంది. అది షిఫ్టు మారేటప్పుడే మోగాలి. ఇలా మధ్యాహ్నం రెండున్నరకు మోగిందంటే గనిలో ఏదో ప్రమాదం. గని కాలనీలో పుట్టి పెరిగిన నాకు ఈ ముక్క గుర్తు రాలేదు చూడండి!

కళ్ళు తెరిచేసరికి వీధంతా పరుగు. అందరికన్నా ముందు మా అమ్మ, కాళ్ళకు చెప్పులైనా లేకుండా. ఆ రోజు నాన్న గనిలో నీళ్ళ పంపు డ్యూటీ మీద ఉన్నాడు.

"అమ్మా, ఆగే! గది భోంగా గాదు, కారు!"

ఎలా వింటుంది? నా కారు ఇంకా అరుస్తూనే ఉంది. దాని నోరు మూసి, నేనూ మామా పరుగెత్తాం. గేటు ఊచలు పట్టుకుని అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. సిగ్గుతో నాకు చచ్చిపోవాలనిపించింది. అంతలో నాన్న, మోకాళ్ళ దాకా తడిసి, నెత్తిన టోపీ లైటుతో బయటికొచ్చాడు.

"ఏమైందే? గిట్లెందుకు ఏడుస్తున్నవ్?"

"గనిల ప్రమాదమైందట గదా!"

"గనిల ఉన్నది నేను. మరి నాకెవ్వలు జెప్పలేదేంది?"

రాజం మామ నా వైపు వేలు చూపించాడు. "గది గని భోంగా గాదు చెల్లె, నీ కొడుకు మోగిచ్చిండు."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మామ దగ్గర ఒక చెప్పు అడిగి తీసుకుంది. మిగతాది వివరించను.

కనుక సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒంట్లో ప్రాణముండగా ఏ ఇంజనునూ మైకుకు తగిలించను. అలాగని ఆ రేసు పెద్దలను మాత్రం క్షమించేది లేదు! ఇప్పటికీ ప్రతి రేసూ చూస్తాను. కాకపోతే రిమోటు అమ్మ చేతిలో ఉంటుంది. వాళ్ళు మిగిల్చిన ఆ కాస్త చప్పుడునూ ఆమె మ్యూట్ చేసేస్తుంది.