నేరేడు మొక్కల కోసం సూళగిరి గుట్టకు

రెండుసార్లు నాటిన నేరేడు మొక్కలు రెండుసార్లూ చచ్చాయి. "ఈ తూరీ పోతే ఆ నేల అమ్మేద్దాము" అని నా భార్య లక్ష్మి తేల్చి చెప్పేసింది. హోసూరు మూకండపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసి, గురుబరపల్లి దగ్గర కొన్న ఎకరం అది. అదంటే నాకు ప్రాణం. నర్సరీ మొక్కల మీద నమ్మకం పోయి, గుట్ట మొక్కలే తెచ్చుకుందామని ఆగస్టులో ఒక ఆదివారం బయల్దేరాను.

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. ఆరున్నరకు హోసూరులో కృష్ణగిరి బస్సెక్కితే, దుమ్ము తింటూ సూళగిరి చేరేసరికి ఎనిమిది. ఇడ్లీ, టీ కలిపి పదిహేను రూపాయలు. హోటలాయన నా గోనెసంచి, గునపం చూసి, "గుట్టకైతే మునెమ్మను అడగన్నా. ఆడ మేకలు తోలేది ఆయమ్మే" అన్నాడు. అక్కడి నుంచి అరగంట నడక. అది ఊరుమ్మడి గుట్ట, ముందుగా ఊళ్లో అడిగి సరేననిపించుకున్నాను.

పెద్ద నేరేడు మాను కింద మొలకలు నారుమడిలా ఉన్నాయి. ఆశ ఆగలేదు. గంటలో ముప్పై పెకలించాను. అప్పుడే మేకలతో వచ్చిన మునెమ్మ పకపకా నవ్వింది.

"ఏమప్పా, చచ్చేవాటినే ఏరుకుంటా ఉండావే!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పచ్చగానే ఉండాయి కదమ్మా!"

"ఆకు తిప్పి చూడు."

తిప్పితే సన్నటి పురుగులు. కొన్నింటి మొదళ్లు అప్పటికే కుళ్లాయి. "ఏటా మొలుస్తాయి, ఏటా పోతాయి. ఈ పురుగు కాపురం తల్లి కాడే. దీని కింద దీని పిల్ల మోకాలెత్తుది ఒగటన్నా చూపీ, చూస్తాము" అంది.

వెతికాను. ఒక్కటీ లేదు! అదే నీడలో వేప, ఉసిరి, సీతాఫలం మొక్కలు నడుమెత్తు పెరిగి నిగనిగలాడుతున్నాయి. నేరేడును తినే పురుగు వాటి జోలికి పోలేదు.

"పాడు పురుగులు" అన్నాను.

"అట్లనొద్దప్పా. అవి లేకుంటే గుట్టంతా నేరేడే. ఆ కాయలు అయిపోయినాక నా మేకలు ఏం తినల్ల?"

ఆమె నన్ను గుట్ట అవతలికి, కిందటేడు వదిలేసిన మేకల దొడ్డికి తీసుకుపోయింది. పండ్లు తిన్న మేకలు అక్కడ నెమరేస్తూ గింజలు ఊసేస్తాయట. మంద మారినా ముళ్ల కంచె మిగిలింది. లోపల రేగు, ఉసిరి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నేరేడు, ఆకు మీద చిల్లు లేకుండా! "పురుగు ఈడికి దారి కనుక్కునే లోపల ఇవి గట్టిపడినాయి" అంది. తొమ్మిది తీసుకున్నాను. నా తప్పు అప్పుడు తెలిసింది. మా నేల గట్టు మీదున్న ముసలి నేరేడు అండగా ఉంటుందని, రెండుసార్లూ దాని పక్కనే వరసగా నేరేళ్లే నాటిన మొద్దును నేను.

ఈసారి తొమ్మిదింటినీ ఆ మానుకు దూరంగా, వాటి మధ్య వేప, ఉసిరి, కానుగ పెట్టి నాటాను. మూడు వానాకాలాలు గడిచాయి. పురుగులు వస్తూనే ఉన్నాయి, రెండు మొక్కలను తినేశాయి కూడా. ఇదివరకైతే మందు కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ ఖాళీలో ఇంకో జాతికి చోటు దొరికిందని సంతోషపడుతున్నాను. మీరూ గుట్ట మొక్కలు తేవాలనుకుంటే, ఊరివాళ్లను అడిగి, తల్లి మానుకు బాగా దూరంగా మొలిచినవే తెచ్చుకోండి.

పోయిన నెల నేల బేరానికి ఒకాయన వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే లక్ష్మి అడ్డం వచ్చింది: "అమ్మేది లేదప్పా. ఉసిరి కాపుకొచ్చేటట్టు ఉండాది."